పథకం లిస్టు వేరు, పంట లెక్క వేరు

(శ్రీకాకుళంలో రైతులు, వ్యవసాయం చదివే విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో రైతు పెద్దలున్నారు, ఎనకాల కాలేజీ పిల్లలున్నారు, ఇద్దరికీ పనికొచ్చేటట్టు మాట్లాడతాను. నా ఉద్యోగమంతా మండలాల్లో పంట లెక్కలు రాయడంతోనే గడిచింది. మన జిల్లాలో ఈ ఖరీఫ్‌లో వరి ఎన్ని ఎకరాలు, ఎకరాకి ఎన్ని బస్తాలు, ఈ రెండు ప్రశ్నలకి నిజమైన జవాబు ఎక్కడ్నించి వస్తాది, ఇప్పుడు యాప్‌లు శాటిలైట్లు వచ్చాక ఆ పద్ధతి ఎలా మారాలి, ఇదే ఇవాళ మాట.

ఈ నంబర్‌తో మనకేటి పని అంటారా, 2022 సంగతి చూడండి. ఆ ఏడు ఫిబ్రవరిలో కేంద్రం గోధుమ 11 కోట్ల 13 లక్షల టన్నులు వస్తాదని అంచనా వేసింది. మార్చిలో ఎండలు మండిపోయాయి, గింజ నిండే టైములో వేడి తగిలింది, మే 13న ఎగుమతులు ఆపేశారు, ఆ నెలలోనే అంచనాని 10 కోట్ల 64 లక్షలకి దించారు. మధ్యలో ఆ మొదటి నంబర్ నమ్మి బేరాలు చేసుకున్నోళ్లు, సరుకు ఆపుకున్నోళ్లు, అమ్ముకున్నోళ్లు ఎంతమందో. మన దగ్గరకొస్తే, కొనుగోలు కేంద్రానికి ఎన్ని గోనెసంచులు, ఏ మిల్లుకి ఎంత ధాన్యం అన్నది కూడా దిగుబడి అంచనా మీదే కదా వేస్తారు. అంచనా తక్కువ పడితే టార్గెట్ అయిపోయిందంటారు, రైతు కళ్లంలో కుప్ప మీద టార్పాలిన్ కప్పుకొని మబ్బు కేసి చూస్తాడు. ఆఫీసులో రాసిన అంకె తప్పైతే ఆ బరువు కళ్లంలో పడతాది.

కొంచెం వెనక్కెళ్దాం. మనది జమీందారీ ప్రాంతం, విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి ఇలాంటి ఎస్టేట్ల కింద ఉన్న ఊళ్లు. 1802లో శాశ్వత శిస్తు వచ్చాక పేష్కస్, అంటే జమీందారు సర్కారుకి కట్టే డబ్బు, ఫిక్స్, పంట పండినా ఎండినా సర్కారుకి వచ్చే డబ్బు అంతే, కాబట్టి పొలం పొలం తిరిగి ఎంత పండిందో రాయాల్సిన అవసరం పై వాళ్లకి పెద్దగా లేదు. రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైత్వారీ జిల్లాల్లో అలా కాదు, శిస్తు వసూలు చెయ్యాలంటే ప్రతి సర్వే నంబరూ తెలియాలి. మనకి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి సెటిల్‌మెంట్లు అయ్యాక గానీ ఆ కట్టుదిట్టం రాలేదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, అక్కడ ఇప్పటికీ స్కీం వేరు, 20 శాతం ఊళ్లు శాంపిల్‌గా తీసి ప్రత్యేకం సిబ్బందితో లెక్క తీస్తారు, బెంగాల్, కేరళలో కూడా అంతే. మన వైపు కరణం అడంగల్, అంటే ఊరి పంటల రిజిస్టరు, రాసేవాడు. 1968-69 నుంచి ఒక స్కీం వచ్చింది, అన్ని ఊళ్ల లెక్క వచ్చేసరికి లేటవుతోందని 20 శాతం ఊళ్లవి ముందుగా రాసి పంపించడం. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ పోయింది, తర్వాత ఆ పని చేతులు మారుతూ మారుతూ 2019 అక్టోబరులో సచివాలయాలు వచ్చాక గ్రామ వ్యవసాయ సహాయకుల దగ్గరకొచ్చింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన దేశంలో పంట లెక్క మొదట్నించీ ఇంకో పని చేసే మనిషి నెత్తిన పెట్టిన అదనపు పనిగానే ఉండిపోయింది, అప్పుడు శిస్తు, ఇప్పుడు పథకాలు.

పంట లెక్కలో రెండు ముక్కలున్నాయి. విస్తీర్ణం ఒకటి, దిగుబడి ఒకటి. విస్తీర్ణం సంగతి తర్వాత చెప్తాను, ముందు దిగుబడి, ఎందుకంటే దీని మీద నాకు మక్కువ ఎక్కువ, జనానికి తెలిసింది తక్కువ.

పంట కోత ప్రయోగం చూసినోళ్లు ఇక్కడ కొందరుంటారు. ఊరు లాటరీ పద్ధతిలో వస్తాది, సర్వే నంబరు కూడా అలాగే, ఆ పొలంలో నైరుతి మూల నిలబడి పొడుగు ఇన్ని అడుగులు, వెడల్పు ఇన్ని అడుగులు అని మళ్లీ ర్యాండమ్ నంబర్ ప్రకారం నడిచి, అక్కడ మేకు దిగ్గొట్టి తాడు కట్టి 5 మీటర్లకి 5 మీటర్లు కొలుస్తారు. అందులో పంట కోసి, నూర్చి, తూర్పారబట్టి తూకం వేస్తారు. ఇదంతా మన దేశంలో పుట్టిన సైన్సు అండి. బెంగాల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు 1930ల చివర్లో జనపనార మీద శాంపిల్ సర్వేలు మొదలెట్టారు, మన వైజాగ్‌లో చదువుకున్న సి.ఆర్.రావు గారు 1941లో చేరింది ఆయన ఇన్‌స్టిట్యూట్‌లోనే. మహలనోబిస్ చిన్న చిన్న ప్లాట్లు చాలన్నారు, ఇంకో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మె గారు కాదు పెద్ద ప్లాట్లే కావాలన్నారు. ఎందుకంటే అంచు మీద ఉన్న దుబ్బు లోపలిదా బయటిదా అని డౌటొస్తే కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతాది, దాంతో దిగుబడి ఎక్కువ కనబడతాది. 1 మీటరు ప్లాట్‌లో చదరపు మీటరుకి 4 మీటర్ల అంచు ఉంటాది, అదే 5 మీటర్ల ప్లాట్‌లో చదరపు మీటరుకి 80 సెంటీమీటర్లే. అంచు తగ్గితే తప్పు తగ్గుతాది. ఎంత తెలివైన పని చూడండి, మనిషి చేతి బుద్ధిని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

ఇప్పుడు ఆ 25 చదరపు మీటర్లు ఎకరాలో ఎంత? 162వ వంతు. అంటే ప్లాట్‌లో ఒక్క కేజీ అటూ ఇటూ అయితే ఎకరాకి 162 కేజీలు, మన 80 కేజీల బస్తా లెక్కన రెండు బస్తాల తేడా. మంచుకి తడిసిన వరి పొద్దున్నే కోసి అలాగే తూచినా, మధ్యాహ్నం ఎండాక తూచినా ఒకటే అంకె ఎలా వస్తాది? అందుకే తేమ చూడాలి, ఎండబెట్టి మళ్లీ తూచాలి. గోగునార అయితే ఇంకా కష్టం, మొక్క కోసి, నీళ్లలో ఊరబెట్టి, నార తీసి ఆరబెట్టాక గానీ తూకం లేదు, దాని లెక్క 180 కిలోల బేళ్లలో చెప్తారు. రాగోలు, నైరలో వ్యవసాయం చదివే పిల్లలకి ఇవన్నీ తెలిసే ఉంటాయి.

ఇక్కడే చిక్కొచ్చి పడింది. కేంద్రం పంటల బీమా పథకం, ఫసల్ బీమా, 2016లో వచ్చింది, గ్రామ పంచాయతీని యూనిట్‌గా పెడితే పెద్ద పంటకి పంచాయతీకి కనీసం 4 ప్రయోగాలు చెయ్యాలి. ఉద్దేశం మంచిదే, పక్కూర్లో పండిందని మనూరి రైతుకి బీమా ఎగ్గొట్టకూడదు కదా. కానీ మనుషులు పెరగలేదు, ప్రయోగాలు ఎన్నో రెట్లు పెరిగాయి, కోతలు మాత్రం ఆ రెండు మూడు వారాల్లోనే అన్నీ మీద పడతాయి, ఇప్పుడు మిషన్ కోత వచ్చాక పొద్దున్న ఉన్న చేను సాయంత్రానికి ఉండదు. ఒక్క మనిషి ఒకే రోజు నాలుగు చోట్ల ఎలా తూచుతాడు? ఇంకో సంగతి వినండి. పొలానికీ పొలానికీ దిగుబడిలో 20 శాతం తేడా ఉందనుకుందాం, 4 ప్రయోగాల సగటు తీస్తే అందులో 10 శాతం అటూ ఇటూ ఉండటం సహజం, ఎవరి తప్పూ కాదు, లెక్కే అంత. అదే 100 ప్రయోగాల సగటు అయితే 2 శాతమే. అంటే జిల్లాకి మంచి నంబర్ ఇచ్చే పద్ధతినే ఊరికి కూడా కచ్చితమైన నంబర్ ఇమ్మని అడుగుతున్నాం, అది ఇవ్వలేదు.

పైగా డబ్బులు ముడిపడ్డాయి. గట్టు మీద రైతు అంటాడు, "బాబూ అక్కడెందుకు కోస్తన్నారు, ఇటు మూలకి రండి, దోమ కొట్టేసింది చూడండి." ఆయన్ని నేను తప్పు పట్టను, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినోడు అలాగే అంటాడు. ఇంకో వైపు పైనుంచి ఫోన్, మన మండలం దిగుబడి అంత తక్కువ చూపిస్తే ఎలాగండీ అని. ఇద్దరి మధ్యా ఆ తాడు పట్టుకున్న కుర్రాడు.

పైనోళ్లు మంచి అంకె కావాలనుకుంటే ఎంత దూరం పోతాదో చైనాలో చూశారు. 1958లో కమ్యూన్లు పోటీలు పడి పంట పెంచి రాశాయి, 37 కోట్ల 50 లక్షల టన్నుల తిండిగింజలు పండాయన్నారు, తర్వాత తేలింది 20 కోట్లే. రాసిన అంకె ప్రకారం ఊళ్ల నుంచి ధాన్యం తోలుకుపోయారు. ఆ తర్వాత వచ్చిన కరువులో కోట్ల మంది చచ్చిపోయారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తాది, ఎందుకంటే ఆ కాగితాలు రాసింది కూడా మనలాంటి చిన్న ఉద్యోగస్తులే.

సరే, విస్తీర్ణం. ఇక్కడ మన రాష్ట్రం దేశం కన్నా ముందుంది, ఆ మాట గర్వంగా చెప్పొచ్చు. ఈ-క్రాప్ అంటే పొలంలోకి వెళ్లి ఫోటో తీసి, లొకేషన్‌తో సహా ఎక్కించి, రైతు వేలిముద్రతో ఈకేవైసీ, అంటే ఈ రైతు ఈయనే అన్న ధ్రువీకరణ, చేయించడం. కేంద్రం 2024 సెప్టెంబరులో 2,817 కోట్లతో డిజిటల్ అగ్రికల్చర్ మిషన్ పెట్టి, రైతు రిజిస్ట్రీ, డిజిటల్ క్రాప్ సర్వే దేశమంతా చేస్తామంది, ఆ పని మనోళ్లు ముందే మొదలెట్టేశారు. చెట్టు కింద కూర్చొని అడంగల్ నింపేసే రోజులు పోయాయి. అది చిన్న మార్పు కాదండి.

కానీ ఈ-క్రాప్ ఉంటేనే ధాన్యం అమ్మగలం, ఉంటేనే బీమా, ఉంటేనే నష్టపరిహారం. అలాంటప్పుడు అది అర్హుల లిస్టు అవుతాది. అర్హుల లిస్టులో పేరు ఉండాలని అందరూ చూస్తారు, అది న్యాయమే, కానీ ఆ లిస్టునే కూడేసి ఇదే మన జిల్లా పంట అని ప్రకటిస్తే తేడా కొడతాది. బీడు పెట్టిన చెక్క కూడా వరిగా ఎక్కడానికి కారణం ఉంది, కౌలుకిచ్చిన పొలం యజమాని పేరు మీద ఎక్కడానికి కారణం ఉంది. మన దగ్గర ఎంతమంది విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్లిపోయారో మీకు తెలుసు, భూమి వాళ్లది, చాకిరీ ఇంకొకరిది. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం అనే కొత్త కమతం నంబర్లు వచ్చాయి, అన్నదమ్ముల ముగ్గురిదీ కలిపి ఒకటే ఎల్‌పీఎం ఉంటే ఎవరి పంట ఎవరి కింద రాయాలి? ఇంకొకటి, వరి కోతకి ముందు తడి మీద చల్లే మినుము, పెసర. నాట్లేసే ఉభాల టైములోనో, విత్తనం చల్లే ఎదల టైములోనో ఫోటో తీసి వెళ్లిపోయిన మనిషి మళ్లీ రాకపోతే, ఆ రెండో పంట లెక్కలోకే రాదు. మన రైతు ఇంట్లో చేతికి డబ్బొచ్చేది అదే పంటతో.

ఈ అపరాల దగ్గరే శాటిలైట్ బ్రహ్మాండంగా పనికొస్తాది. వరి కోసేశాక డిసెంబరులో చేను ఎండి తెల్లగా కనబడాలి, జనవరిలో మళ్లీ పచ్చబడిందంటే అక్కడ ఏదో ఉంది. వర్షాకాలంలో మబ్బులుంటే ఎలా అంటారు, దానికి రాడార్ శాటిలైట్లున్నాయి, యూరప్‌ది సెంటినెల్-1 2014 నుంచి, మనది ఈఓఎస్-04 2022 నుంచి, మొన్న 2025 జులై 30న శ్రీహరికోట నుంచి నాసాతో కలిసి పంపిన నైసార్ కూడా. రాడార్‌కి మబ్బు అడ్డం కాదు. ఉభాలప్పుడు మడి నిండా నీళ్లుంటాయి కదా, రాడార్ చిత్రంలో అది నల్లగా కనబడతాది, దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడతాది, ఆ మార్పు చూసి వరి అని పట్టేస్తారు. ఎంతో అందమైన సంగతి అండి, కాలేజీ పిల్లలు దీని మీద పనిచెయ్యాలి.

అయితే దానికీ ఒక హద్దుంది. యూరప్‌దే ఇంకో శాటిలైట్ సెంటినెల్-2, దాని ఫోటోలో ఒక చుక్క 10 మీటర్లకి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. పంజాబ్‌లో ఒక పొలానికి వందల చుక్కలు పడతాయి. మన దగ్గర 10 సెంట్ల మడికి నాలుగు చుక్కలు, అందులో గట్టు, గట్టు మీద తాటిచెట్టు, పక్కోడి చెరకు అన్నీ కలిసిపోతాయి. ఫోన్ జీపీఎస్ కూడా అయిదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తే 10 సెంట్ల చెక్కకి అదే పెద్ద తప్పు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల మీద చోడి, సామ, కంది కలిపి వేసిన చేను చూసి పైనుంచి ఏ పంట అని చెప్పాలి? ఇంత చేసినా శాటిలైట్ విస్తీర్ణం చెప్పినంత బాగా దిగుబడి చెప్పలేదు, పచ్చగా కనబడే చేనులో గింజ తాలుపోయిందో లేదో దానికి కనబడదు కదా. కెనడావాళ్లు 2016లో సెప్టెంబరు రైతు సర్వే ఆపేసి శాటిలైట్, వాతావరణం కలిపిన మోడల్ పెట్టారు, కానీ ఎన్నో ఏళ్ల సర్వే లెక్కలు ఆ మోడల్‌కి పునాది, నవంబరు సర్వే ఇప్పటికీ రైతుల్ని అడిగే చేస్తున్నారు. ఆఫ్రికాలో మలావి, ఉగాండా, టాంజానియా లాంటి చోట్ల రైతు చెప్పిన విస్తీర్ణం, జీపీఎస్‌తో కొలిచింది పక్కపక్కన పెట్టి చూస్తే, చిన్న చెక్కలున్నోళ్లు ఎక్కువ చెప్తున్నారు, పెద్ద పొలాలున్నోళ్లు తక్కువ చెప్తున్నారు. అబద్ధమని కాదు, కంటి అంచనా అలా ఉంటాది. కొలిస్తేనే తెలిసింది.

అందుకని నేను అడిగేది ఏటంటే, ఈ-క్రాప్ ఉండాలి, శాటిలైట్ ఉండాలి, వీటి రెండింటికీ తోడు ఒక చిన్న శాంపిల్ పూర్తిగా వేరేగా ఉండాలి. జిల్లాలో కొన్ని ఊళ్లు లాటరీలో తీసి, ఆ ఊళ్లలో పథకాల పని ఏమీ లేని సిబ్బంది పొలం పొలం తిరిగి ఏ పంట, ఎవరు సాగు చేశారు, ఎంత దిగుబడి అని రాయాలి. ఆ కాగితం వల్ల ఎవరికీ ఒక్క రూపాయి రాదు, పోదు, అప్పుడు నిజం చెప్తారు. ఇలా తీసుకున్న వివరాలు గణాంకాలకి తప్ప ఇంకో పనికి వాడకూడదని 2008 నాటి గణాంకాల సేకరణ చట్టంలోనే ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ప్రయోగాలు తగ్గించినా పర్లేదు, చేసినవి బాగా చెయ్యాలి, తేమ మీటర్ ఇవ్వాలి, తూకం ఫోన్‌లోకి నేరుగా వెళ్లాలి. నంబర్ ప్రకటించినప్పుడు ఎకరాకి 22 బస్తాలు, ఒక బస్తా అటూ ఇటూ అని ఆ ఒక బస్తా మాట కూడా రాయాలి. దాన్ని దాచిపెట్టడం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

తేదీ కూడా ముందే చెప్పాలి. 1905లో అమెరికా వ్యవసాయ శాఖలో ఒకాయన పత్తి అంచనాని వ్యాపారులకి ముందే లీక్ చేసి దొరికిపోయాడు, కిటికీ తెర ఎత్తి దించి సైగ చేసేవాడట. ఆ తర్వాత అక్కడ రిపోర్టు తయారుచేసే గదికి తాళం వేసి, ప్రకటించే నిమిషం దాకా ఎవర్నీ బయటికి వదలని పద్ధతి పెట్టారు. రైతుకి, మిల్లరుకి, మంత్రికి ఒకే నిమిషంలో తెలియాలి.

(ఒక రైతు అడిగిన ప్రశ్న: కౌలు రైతు పేరు ఎక్కడా ఉండట్లేదు, మీ శాంపిల్ వల్ల మాకేటొస్తాది?)

మంచి ప్రశ్న అన్నా. నీకు నేరుగా ఏమీ రాదు, అలా రాకుండా ఉండాలనే నేనంటున్నాను. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకి 11 నెలలకి కార్డు ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి, భూమి ఎక్కడ పోతాదో అని ఆయన పెట్టడు. ఇప్పుడు కార్డుల లెక్క చూసి మన జిల్లాలో కౌలు రైతులు ఇంతేనని పైన అనుకుంటారు. శాంపిల్ ఊళ్లలో పేరు బయటపెట్టం అని మాటిచ్చి, దున్నింది ఎవరని అడిగితే అసలు సంఖ్య తేలుతాది. ఆ సంఖ్య పట్టుకొని చట్టం మార్చమని అడగొచ్చు. ఇప్పుడు చేతిలో ఏటుంది అడగడానికి?

(ఉద్దానం నుంచి వచ్చిన ఒకాయన: మరి కొబ్బరి, జీడి సంగతేటండి?)

అదీ చెప్పాలి, మర్చిపోతే ఊరుకోరు మీరు. చెట్ల పంటలకి ఎకరాలు చాలవు, చెట్లు కావాలి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్టుకి ఇంత అని పరిహారం అన్నారు, పడిపోక ముందు ఎన్ని చెట్లున్నాయన్న లెక్క ఎవరి దగ్గర ఉంది చెప్పండి. పడిన మోళ్లు లెక్కపెట్టుకుంటూ ఊళ్లకి ఊళ్లు గొడవలు. కొబ్బరి తల పైనుంచి బాగా విడిగా కనబడతాది, డ్రోన్‌తో ఒక్కో చెట్టూ లెక్కపెట్టొచ్చు, జీడి కొమ్మలు కలిసిపోతాయి కాబట్టి కొన్ని తోటల్లో దిగి లెక్కపెట్టి మిగతాది అంచనా కట్టాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాలతో మొదలెట్టొచ్చు. ఏటా ఒకసారి చాలు. మన తుపాన్లు చూడండి, ఫైలిన్ అక్టోబరు 12, హుద్‌హుద్ అక్టోబరు 12, తిత్లీ అక్టోబరు 11. కాబట్టి ఆ లెక్క సెప్టెంబరు లోపు అయిపోవాలి, అయిపోయి పంచాయతీ గోడ మీద అంటించాలి, నా తోటలో రెండు చెట్లు తక్కువ రాశారని మీరు వెళ్లి చెప్పుకోడానికి టైముండాలి.